దించకూడని పీట

దొనాతో ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టిన డాక్టర్ చైత్ర, వినాల్సింది విన్న తరవాత కూడా దాన్ని వెంటనే తీయలేదు. ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తోంది. స్పెషలిస్టు పంపిన స్కాన్ ఫలితం ఎదురుగా కంప్యూటర్లో తెరిచే ఉంది. గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్ళే చోట ఉండే కవాటం దాదాపు మూసుకుపోయింది. ఈమధ్య పెరట్లో నిమ్మచెట్టు దగ్గర దొనాతో కళ్ళు తిరిగి పడిపోవడానికి కారణం అదే. కూతురు లుయీసాకి మాత్రం కాలు జారిందని చెప్పాడు.

దొనాతోకి ఎనభై నిండాయి. అడిలైడ్ శివార్లలో టమాటాలు పండించి బతికిన మనిషి. భార్య పోయింది, కొడుకు పెర్త్‌లో ఉంటాడు, కూతురు ఈ ఊళ్ళోనే మొక్కల నర్సరీ నడుపుతోంది. కాంప్‌బెల్‌టౌన్‌లో చైత్ర క్లినిక్ పెట్టిన కొత్తలో వచ్చిన పేషెంట్లలో అతనొకడు. ఆమెను 'దొత్తొరెస్సా' అంటాడు, వాళ్ళ ఇటాలియన్ భాషలో డాక్టరమ్మ అని.

చైత్ర దాచకుండా చెప్పింది. ఈ స్థితిలో బరువు మోస్తే గుండె ఉన్నపాటున ఆగిపోవచ్చనీ, వెంటనే ఆసుపత్రిలో చేరితే తొడ దగ్గర రక్తనాళంలోంచే కొత్త కవాటం అమరుస్తారనీ, పెద్ద కోత కూడా ఉండదనీ వివరించింది. దొనాతో బుద్ధిగా విని, పండగ అయ్యాక చేరతానన్నాడు. స్పెషలిస్టుకీ అదే చెప్పి వచ్చానన్నాడు.

"పండగకి వెళ్ళండి, వద్దనను. కుర్చీ వేసుకుని చూడండి. ఊరేగింపులో పీట మోయడం మాత్రం కుదరదు."

"చూడ్డానికా?" దొనాతో చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. "ముందు వరసలో కుడి భుజం మా ఇంటిది, దొత్తొరెస్సా. మా నాన్న మోశాడు, మా తాత మోశాడు. నేను తప్పుకుంటే ఆ చోటు వాళ్ళకి పోతుంది."

ఆ 'వాళ్ళు' ఎవరో చైత్రకు తెలుసు. ఇన్నేళ్ళుగా బీపీ చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా అతను తన ఊరి గురించి చెబుతూనే ఉన్నాడు.

ఆ ఊరి పేరు కాస్తెల్‌ఫోస్కో. దక్షిణ ఇటలీలో కొండకొమ్ము మీద వేలాడుతున్నట్టుండే చిన్న పల్లె. ఒకరి ఇంటికప్పు పక్కనే ఇంకొకరి వాకిలి. ఊళ్ళోకి వెళ్ళడానికి ఒకటే రాతి ద్వారం. వీధులు ఎంత ఇరుకంటే, కట్టెలమోపుతో గాడిద ఎదురైతే మనుషులు దగ్గర్లో ఉన్న గడప ఎక్కి దారివ్వాల్సిందే. శిఖరాన కూలిపోయిన కోట, ఆ కోట రాళ్ళతోనే కట్టిన చర్చి, వాటి చుట్టూ పైవాడ. లోయ అంచున, బట్టలుతుక్కునే రాతితొట్ల దగ్గర కిందవాడ. పైవాడ వాళ్ళు ద్రాక్షతోటలు పెంచేవాళ్ళు, కిందవాడ వాళ్ళు అడవిలో బొగ్గు కాల్చేవాళ్ళు. రెండు వాడలకూ మధ్య పెళ్ళిళ్ళు లేవు.

ఊరిని కాచే పుణ్యపురుషుడు సాన్ రొక్కో. ప్లేగు రోగులకు సేవ చేసి, తనకూ ఆ రోగం తగిలి అడవిలో పడి ఉంటే, ఒక కుక్క రోజూ రొట్టె తెచ్చిపెట్టి బతికించిందని కథ. చెక్కబొమ్మలో ఆయన అంగీ పైకెత్తి తొడ మీది పుండు చూపిస్తూ నిలబడి ఉంటాడు. కాళ్ళ దగ్గర రొట్టె కరుచుకున్న కుక్క. ఏటా ఆగస్టు నడిమిలో ఆ బొమ్మను పీట మీద పెట్టి ఊరేగిస్తారు. పీటకు అటూ ఇటూ పొడవాటి మోతకర్రలు. కుడివైపు కర్ర పైవాడది, ఎడమవైపు కర్ర కిందవాడది. మాటల్లేని రెండు వాడలూ ఆ ఒక్కరోజు అడుగులో అడుగు వేయక తప్పదు. భుజానికెత్తుకున్న పీటను చర్చి గడప చేరేదాకా నేల మీద దించకూడదు.

ఒక ఏడు దించారు. దొనాతో అప్పుడు బడికి వెళ్ళే పిల్లవాడు. వడగళ్ళ వాన ముంచుకొస్తే మోసేవాళ్ళు పీటను నడివీధిలో వదిలేసి గోడల వారకు పరిగెత్తారు. ఆ చలికాలమే మంచుకు నానిన కొండచరియ విరిగి, కిందవాడలో సగం లోయలోకి జారిపోయింది. పోయినవాళ్ళలో విన్చెంజో అనే పిల్లవాడి తల్లి, చంటి చెల్లెలు ఉన్నారు. ముందుగా భుజం తీసింది పైవాడే, అందుకే ఇలా జరిగిందని కిందవాడ అంది. బొగ్గు కోసం చరియ మీది చెట్లు కొట్టేసింది మీరే కదా అని పైవాడ అంది. తరవాతి కొన్నేళ్ళలో ఊరు ముప్పాతిక ఖాళీ అయి ఓడలెక్కి అడిలైడ్ చేరింది. బొమ్మకు నకలు చెక్కించి తెప్పించుకున్నారు, మోతకర్రలు చేయించుకున్నారు, క్లబ్బు కట్టుకున్నారు. ఆ క్లబ్బు హాల్లో ఇప్పటికీ కిటికీల వైపు బల్లలు పైవాడవి, వంటింటి వైపు బల్లలు కిందవాడవి. ఊరేగింపులో ముందు వరసలో కుడివైపు దొనాతో, ఎడమవైపు విన్చెంజో. పడుచువయసు నుంచీ అలాగే మోస్తున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడకుండా.

దొనాతో వెళ్ళిపోయాక చైత్రకు మిగతా పేషెంట్ల మీద మనసు నిలవలేదు.

ఆ సాయంత్రం మాసన్ లేక్స్‌లో ఇంటికి వచ్చి, భర్త ఉపేంద్రతో పేర్లు చెప్పకుండా విషయం చెప్పింది. అతను మెకానికల్ ఇంజనీరు, అక్కడి టెక్నాలజీ పార్కులోనే ఉద్యోగం. పప్పు తాలింపు పెడుతూ విని, స్టవ్ కట్టేశాడు.

"ఫ్యామిలీకి చెప్పేయొచ్చుగా?"

"కన్సెంట్ లేకుండా ఎలా చెప్తాను? మైండ్ క్లియర్‌గా ఉన్న మనిషి. రిస్క్ అంతా తెలిసే ఒప్పుకోనంటున్నాడు. ఆయన ప్రాణం, ఆయన ఇష్టం."

"మా ఊళ్ళో స్వామివారిని మోసేటప్పుడు పక్కన ఇంకో బ్యాచ్ రెడీగా ఉంటుంది. భుజం మార్చుకుంటూ పోతారు."

"వీళ్ళకి అలా లేదు. మొదట ఎత్తుకున్నవాళ్ళే చివరిదాకా."

"అయితే ఆయన ప్రాణం ఒక్కటే కాదు కదా చైత్రా. ఫ్రంట్ రోలో ఒక మనిషి సడన్‌గా కూలితే వెయిట్ అంతా ఆ కార్నర్‌కి తన్నుకొస్తుంది. పక్కవాడి మెడ విరగొచ్చు. అది కూడా ఆయన ఇష్టమేనా?"

చైత్రకు ఆ ప్రశ్న రాత్రంతా వదల్లేదు. మర్నాడే దొనాతోను క్లినిక్‌కి పిలిపించి అదే అడిగింది. అతను తన చేతుల వంక చూసుకున్నాడు. మానేస్తానంటాడేమోనని ఆమెకు ఆశ కలిగింది.

"ఒక్కరికి చెప్పండి," అన్నాడు చివరికి. "ఒక్కరికే."

"లుయీసాకా?"

"దానికి చెబితే ఆ రోజు నన్ను గదిలో పెట్టి తాళం వేస్తుంది. విన్చెంజోకి చెప్పండి. నేను పడితే బరువు మీద పడేది వాడికి. వాడికి తెలిసి ఉండాలి."

"మీరే చెప్పొచ్చు కదా?"

"నేను వాడితో మాట్లాడను," అన్నాడు దొనాతో, అది అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

శనివారం చైత్ర విన్చెంజో ఇంటికి వెళ్ళింది. అతను పెరట్లో ఆకు రాలిన ద్రాక్షతీగల కొమ్మలు కత్తిరిస్తున్నాడు. సన్నటి మనిషి, కాంక్రీటు పనిచేసి చేసి వేళ్ళు వంకర్లు పోయాయి. ఎవరో డాక్టరు తన ఇంటికి ఎందుకొచ్చిందో తెలియక ముందు అనుమానంగా చూశాడు. ఆమె చెబుతున్నంతసేపూ అతని చేతిలో కత్తెర ఆగలేదు.

"పోయినేడే తెలుసు నాకు," అన్నాడు. "ఎత్తు ఎక్కేటప్పుడు వాడి ఊపిరి వినబడుతుంది. పీటకి ఇటువైపు ఉండేది నేనేగా."

మరి క్లబ్బు పెద్దలతో చెప్పి అతన్ని మార్పించవచ్చు కదా అని అడిగింది చైత్ర. విన్చెంజో తల అడ్డంగా ఊపాడు. తను నోరు విప్పితే ఆ చోటు కాజేయడానికే అడిగాననుకుంటారట. అందరికంటే ముందు దొనాతోయే అలా అనుకుంటాడట.

"పడిపోతే ఏం చేస్తారు?"

విన్చెంజో ఇంకో కొమ్మ కత్తిరించాడు. ఆమె గేటు దాకా వెళ్ళాక వెనక నుంచి అన్నాడు. "నడిచేటప్పుడు వాడి వైపు ఉండు. నా వైపు వద్దు."

ఇది మాట ఇచ్చినట్టో, వదిలించుకున్నట్టో ఆమెకు అర్థం కాలేదు.

పండగ ఆదివారం పొద్దుటి నుంచీ వాన. ఇటలీలో ఆగస్టు అంటే మాడ్చే ఎండ, అడిలైడ్‌లో చలికాలం. సందులు లేవు, రాతిమెట్లు లేవు. తడిసిన తారురోడ్డు, అటూ ఇటూ ఇటుక ఇళ్ళు, బయట పెట్టిన చెత్తబుట్టలు. ముందు బ్యాండు, వెనక ప్లాస్టిక్ గ్లాసుల్లో కొవ్వొత్తులు పట్టుకున్న ఆడవాళ్ళు, ఆ వెనక పీట. లుయీసా ఆడవాళ్ళలో ఉంది. చైత్ర దొనాతోకి చెయ్యందేంత దూరంలో, రోడ్డు అంచున నడుస్తోంది. ఆమె వెనక ఉపేంద్ర, క్లినిక్ నుంచి తెచ్చిన, ఆగిన గుండెకు షాకిచ్చే డీఫిబ్రిలేటర్ సంచీ భుజాన వేసుకుని ఉన్నాడు. ప్రథమ చికిత్స చేసే సెయింట్ జాన్ వాలంటీర్లు ఊరేగింపు చివర్న ఉన్నారు. వాళ్ళను ముందుకు రమ్మనాలని చైత్రకు ఉంది, కానీ ఎందుకో చెప్పడానికి లేదు.

చదునుగా ఉన్న రోడ్డు మీద దొనాతో బాగానే నడిచాడు. ఒకసారి ఆమె వైపు చూసి కనుబొమ్మలు కూడా ఎగరేశాడు. చర్చి వైపు మలుపు తిరగగానే ఎత్తు మొదలైంది. అక్కడ బ్యాండు ఆగిపోయింది. కాస్తెల్‌ఫోస్కోలో అన్నింటికన్నా ఇరుకైన సందులోకి పీట వచ్చేసరికి వాయిద్యాలు ఆపేసేవాళ్ళట, మోసేవాళ్ళ అడుగులు ఒకరికొకరికి వినబడాలని. ఇక్కడ సందు లేకపోయినా ఆ ఎత్తు మీద నిశ్శబ్దం పాటిస్తారు.

ఆ నిశ్శబ్దంలో గొడుగుల మీద వాన చప్పుడు, బూట్ల చప్పుడు, దొనాతో ఊపిరి. చైత్ర ఆ ఊపిరినే వింటోంది. నాలుగడుగులకోసారి పీలుస్తున్నవాడు రెండడుగులకు వచ్చాడు. తరవాత అడుగడుక్కీ పీలుస్తున్నాడు. చలిలో అతని నుదుటి మీద చెమట పట్టింది, అది వాన కాదని ఆమెకు తెలుస్తోంది. పెదాలు రంగు మారాయి.

"ఇక చాలు," అంది మెల్లగా.

అతను తల అడ్డంగా ఊపాడు.

ఆమె దగ్గరికి జరిగి మోతకర్ర కింద వేలాడుతున్న అతని చెయ్యి పట్టుకుని నాడి చూసింది. దారంలా ఉంది. తను అరిస్తే వీళ్ళు ఆగుతారా? ఈ గుంపులో తనెవరు? పీట దించకూడదన్న సంగతి తనకూ తెలుసు. ఒకవేళ సగంమంది ఆగి సగంమంది ఆగకపోతే పీట అక్కడికక్కడే ఒరిగిపోతుంది. ముందు నడుస్తున్న లుయీసా ఎందుకో వెనక్కి తిరిగింది. డాక్టరు తన తండ్రి మణికట్టు పట్టుకుని ఉండడం చూసి, కొవ్వొత్తి చేతిలో ఉండగానే ఆగిపోయింది.

అప్పుడు పీటకు అటువైపు నుంచి వినబడింది.

"దించండి."

ఎవరికీ అర్థమైనట్టు లేదు. మోసేవాళ్ళు ఇంకో అడుగు వేశారు. విన్చెంజో ఈసారి తమ ఊరి యాసలో గట్టిగా అన్నాడు. వెనక వరసలో కిందవాడ మనిషి ఒకడు, ఇక్కడా, నడిరోడ్డు మీదా అని అడిగాడు. అతని గొంతులో భయం ఉంది.

"ఇక్కడే," అన్నాడు విన్చెంజో. "మా అమ్మ పోయింది, చెల్లి పోయింది. దించమనే హక్కు ఇంకెవరికీ లేకపోయినా నాకుంది. మెల్లగా, అందరూ కలిసి."

పీట కిందికి దిగింది. దాని కాళ్ళు తడి తారు మీద ఆనిన చప్పుడుకి ఒక ముసలావిడ ముఖం చేతుల్లో దాచుకుంది. భుజం మీంచి కర్ర తొలగగానే దొనాతో మోకాళ్ళు మడతపడ్డాయి. చైత్ర అతని చంకల కింద చేతులు వేసింది కానీ ఆ బరువు ఆపలేక అతనితోపాటే నేల మీద కూలబడింది.

అతని కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. మెడ మీద వేళ్ళు పెట్టింది. ఏమీ తగల్లేదు. వేళ్ళు ఇంకాస్త పక్కకి జరిపింది. ఉపేంద్ర సంచీ తెరిచి పట్టీలు అందించాడు. చొక్కా చించి అతికించారు. మెషీన్ కాసేపు పరీక్షించి, షాక్ అవసరం లేదంది. అదే సమయానికి ఆమె వేలికి నాడి తగిలింది, సన్నగా, ఆగి ఆగి. కాళ్ళు పైకెత్తి పట్టుకోమంది. పట్టుకున్నది విన్చెంజో. దొనాతో రెండు మడమలూ తన ఒళ్ళో పెట్టుకుని, తడి రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

లుయీసా పక్కన మోకరిల్లింది. తండ్రిని చూసి, తరవాత చైత్రను చూసింది.

"మీకు తెలుసు," అంది.

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"వద్దన్నారు."

లుయీసా ముఖం చూడలేక చైత్ర మళ్ళీ నాడి మీద దృష్టి పెట్టింది.

అంబులెన్సు వచ్చేసరికి దొనాతోకి స్పృహ వచ్చింది. ఆక్సిజన్ మాస్కు పెట్టి స్ట్రెచర్ ఎక్కిస్తుంటే అతని చూపు వెతికి వెతికి రోడ్డు మధ్యలో నేల మీదున్న సాన్ రొక్కో దగ్గర ఆగింది. లేవబోయాడు. పట్టుకుని పడుకోబెట్టారు. మాస్కు పక్కకి లాగి కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"నాతో రావద్దు. ఆ చోటు ఖాళీగా ఉంచకు."

ఆడవాళ్ళు కర్ర ముట్టడం ఆ ఊరి చరిత్రలో లేదు. లుయీసా తండ్రిని వదిలి వెళ్ళలేక, ఆ మాట కాదనలేక అక్కడే నిలబడిపోయింది. తను ఆయనతో వెళ్తానని, క్షణం కూడా వదలనని చైత్ర చెప్పింది. లుయీసా కొవ్వొత్తి ఎవరి చేతికో ఇచ్చి పీట దగ్గరికి నడిచింది. పైవాడ వాళ్ళలోనే ఒకరిద్దరు గొణిగారు. విన్చెంజో తన చోటులో నిలబడి, ఆమె కర్ర కింద భుజం సర్దుకునేదాకా ఆగి, ఎత్తమని కేక వేశాడు. అంబులెన్సు తలుపులు మూస్తుండగా చైత్రకు కనబడింది, పీట కొంచెం కుడివైపు వంగి, మళ్ళీ నిటారుగా లేచింది.

రెండు రోజుల తరవాత దొనాతోకి కొత్త కవాటం అమర్చారు. అంతా సవ్యంగానే జరిగింది. వారంలోపే లేచి కారిడార్లో నడిచాడు. పెద్దవాళ్ళు కొందరు ఈ ఏడు ఏదో కీడు జరిగి తీరుతుందని ఫోన్లలో మాట్లాడుకుంటున్నారని, అయినా ఎవరూ విన్చెంజో ముఖం మీద అనడం లేదని అతనే నవ్వుతూ చెప్పాడు.

లుయీసా మాత్రం చైత్ర ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఒకరోజు ఆసుపత్రి లిఫ్టు దగ్గర ఎదురుపడింది.

"మీరు రూలు ప్రకారమే చేశారు," అంది. "అది నాకు అర్థమైంది. కానీ ఆయన పోయుంటే నేను మిమ్మల్ని జన్మలో క్షమించేదాన్ని కాదు. ఇప్పుడు కూడా కోపం పోలేదు."

"పోనవసరం లేదు," అంది చైత్ర. "నా మీద నాకే పోలేదు."

లుయీసా తల ఊపింది. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. ఆమె వెంటనే ఎక్కలేదు. తండ్రి ఇంటికొచ్చాక ఏమేం తినొచ్చో అడిగింది. ఉప్పు సంగతి, మందుల సంగతి రెండుసార్లు చెప్పించుకుని వెళ్ళిపోయింది.

చైత్ర వార్డులోకి వెళ్ళేసరికి దొనాతో గదిలోంచి గొంతులు వినబడ్డాయి. తలుపు సగం తెరిచి ఉంది. మంచం పక్క కుర్చీలో విన్చెంజో, ఒళ్ళో కాగితపు సంచీలో నారింజపళ్ళు. ఇద్దరూ వాళ్ళ ఊరి యాసలో ఒకరి మాటకొకరు అడ్డుపడుతూ గట్టిగా వాదించుకుంటున్నారు. ఆమె భయపడి ట్రాలీ తోసుకొస్తున్న నర్సు వంక చూసింది. ఆ నర్సూ ఇటాలియన్ పిల్లే. నిలబడి కాసేపు విని, వాళ్ళ ఊళ్ళో రొట్టెలు చేసే మనిషి కంచరగాడిద నల్లదా, గోధుమరంగుదా అని పోట్లాడుకుంటున్నారని చెప్పింది.

"ఏ రొట్టెల మనిషి?"

"తెలీదు. ఎప్పుడో పోయినవాడిలా ఉన్నాడు," అని నర్సు ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయింది.

పేషెంట్లను చూడనిచ్చే వేళ దాటిపోతోందని చైత్రకు తెలుసు. అయినా లోపలికి వెళ్ళకుండా గోడకు ఆనుకుని నిలబడింది.